బోటు షాఫ్ట్ గ్లాండ్ కారతా ఉందా? గ్రీజు ఎట్టా పెట్టాలి, ప్యాకింగ్ ఎట్టా మార్చాలి

గ్లాండ్ దగ్గర చుక్క పడతా ఉందంటే బోటు పాడైందని కాదన్నా, అసలు చుక్కే పడకపోతేనే అనుమానపడాల. ఇది చెప్తే రేవులో సగం మంది నవ్వుతారు, బోటులోకి నీళ్ళొస్తా ఉంటే మంచిదంటావేందిరా అని. కానీ పాత రకం ప్యాకింగ్ గ్లాండ్, అంటే ఇంజన్ నుంచి ఫ్యాన్ దాకా పోయే షాఫ్ట్ చుట్టూ తాడు రింగులు నొక్కి నీళ్ళు ఆపే డబ్బా, పనిచేసేదే అట్టా. ప్యాకింగ్ అంటే ఆ తాడే. షాఫ్ట్ తిరిగేటప్పుడు తాడుకీ షాఫ్టుకీ మధ్య పల్చటి నీటి పొర ఉండాల, చల్లబరిచేది ఆ నీళ్ళే, రాపిడి లేకుండా చూసేది కూడా ఆ నీళ్ళే. చుక్క కనపడగానే పెద్ద స్పానర్ తెచ్చి బలమంతా పెట్టి బిగించేస్తే ఆ పొర పోతది, ప్యాకింగ్ మాడి గట్టిపడి షాఫ్టుని అరగదీస్తది, ఒకసారి గాడి పడినాక ఎంత బిగించినా కారుడు ఆగదు, ఇంకా బిగిస్తారు, ఇంకా అరుగుతది. తాడుతో పోయే పని షాఫ్టు మార్చేదాకా వస్తది, దానికోసం బోటు ఒడ్డుకెక్కించాల, వేట పోతది.

ముందు ఒకటి చెప్పాల. ఇది ఇంజన్ బోటు లోపల ఉండి, షాఫ్ట్ వెనక అమరం వైపు నుంచి బయటికి పోయి, నీళ్ళలో బోటుని నెట్టే ఫ్యాన్ తిప్పే బోట్ల గురించి. జువ్వలదిన్నె, కృష్ణపట్నం వైపు కనపడే మెకనైజ్డ్ బోట్లు, లోపల డీజిల్ ఇంజన్ బిగించిన పెద్ద ఫైబర్ బోట్లు అట్టాంటివి. మైపాడులోనో కొత్తపట్నంలోనో పాకలలోనో ఇసక మీదకి లాగే చిన్న ఫైబర్ బోట్లకి మోటారు బయటే ఉంటది, అడుగున బొక్కే లేదు కాబట్టి గ్లాండ్ గొడవే లేదు. వాళ్ళు ఏ గ్రీజు కొనాల అన్నకాడ మాత్రం చదువుకుంటే చాలు.

లోపల ఏముంటది

షాఫ్ట్ బయటికి పోయే పైపు స్టెర్న్ ట్యూబు. దాని లోపలి కొసన ఇత్తడిదో గన్ మెటల్‌దో ఒక డబ్బా ఉంటది, మనం గ్లాండ్ అనేది దాన్నే. డబ్బాలో షాఫ్ట్ చుట్టూ చదరంగా అల్లిన తాడు రింగులు, మామూలుగా 3 నుంచి 5 దాకా ఉంటాయి. ఆ రింగుల్ని షాఫ్ట్ చుట్టూ ఉండే గొట్టం లాంటి ఒక బుష్ నొక్కి పట్టుకుంటది, బుష్‌ని నొక్కేది ఒక పెద్ద నట్టు గానీ, చెరో పక్క ఒక స్టడ్డు బోల్టు గానీ. కొన్నిట్లో రింగుల మధ్య బొక్కలున్న ఇత్తడి రింగు ఒకటి వస్తది, పైనున్న గ్రీజు కప్పు నుంచి దిగిన గ్రీజు దాంట్లో నుంచే చుట్టూ పాకతది. ఈ ఇత్తడి రింగుని గుర్తుపెట్టుకోండి, ప్యాకింగ్ మార్చేటప్పుడు చాలామంది దీన్నే తప్పు చోట పెట్టేస్తారు, అప్పుడు గ్రీజు బొక్కకి తాడు అడ్డం పడి పైన కప్పు ఎంత తిప్పినా గ్రీజు లోపలికి దిగదు.

రోజూ చూసేది

బయల్దేరే ముందు ఒకసారి టార్చి వేసి చూడండి, ఇంజన్ గేర్లో వేసి ఒక అరగంట నడిచినాక ఇంకోసారి. షాఫ్ట్ తిరిగేటప్పుడు నిమిషానికి 2, 3 చుక్కలు పడితే బాగున్నట్టు, లావు షాఫ్టుకి ఇంకొంచెం ఎక్కువైనా పర్లేదు. ఇంజన్ ఆపినాక దాదాపు ఆగిపోవాల. లెక్క వేసుకుంటే భయం పోతది, సుమారు 20 చుక్కలు ఒక ఎమ్మెల్ అనుకోండి, నిమిషానికి 3 చుక్కలంటే గంటకి 9 ఎమ్మెల్, రోజంతా ఆగకుండా ఇంజన్ ఆడినా 216 ఎమ్మెల్, చిన్న నీళ్ళ సీసా కూడా నిండదు. దానికే బోటు మునిగిపోతదా చెప్పండి. అదే దార కట్టి కారతా ఉంటే మాత్రం ఊరుకోవద్దు.

చుక్కలు లెక్కపెట్టడం కన్నా నమ్మకమైంది చెయ్యి పెట్టి చూడటం. ఇంజన్ న్యూట్రల్‌లో పెట్టి, షాఫ్ట్ ఆగినాక, గ్లాండ్ డబ్బా మీద చెయ్యి ఆనించండి. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి నిలవలేనంత కాలతా ఉంటే బిగింపు ఎక్కువైంది లేదా నీళ్ళు అందడం లేదు. షాఫ్ట్ రంగు మారి నీలంగానో గోధుమరంగుగానో కనపడినా, కాలిన వాసన వచ్చినా అదే కథ.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాల. షాఫ్ట్ తిరగతా ఉండగా లుంగీతోనో, మెళ్ళో తువ్వాలుతోనో, చేతికి తాడు కట్టుకునో అక్కడ వంగొద్దు. లుంగీ ఎగ్గట్టినా సరే వద్దు. ఇంజన్నీ షాఫ్టునీ కలిపే కప్లింగు బోల్టుకి గుడ్డ కొస తగిలితే మనిషిని లాక్కుంటది, ఇంజన్ ఆపే టైము ఉండదు. నిక్కరేసుకుని పోండి, ఎవరు నవ్వినా నవ్వనీండి. స్పానర్ పెట్టే పనైతే ఇంజన్ ఆపి తాళం జేబులో వేసుకోవాల, పైన బోటు నడిపే సరంగుకి చెప్పి దిగాల.

గ్రీజు

గ్రీజు కప్పు ఉన్న గ్లాండుకి, వేట నుంచి వచ్చి ఇంజన్ ఆపినాక కప్పు ఒకటి రెండు చుట్లు తిప్పండి, అంతే. ఆగిన షాఫ్ట్ చుట్టూ గ్రీజు నిండి రాత్రంతా నీళ్ళు రాకుండా ఉంటది. రోజుల తరబడి సముద్రంలోనే ఉండి ఇంజన్ ఆడతా ఉంటే పూటకొకసారి ఒక చుట్టు వెయ్యండి. కప్పు తేలిగ్గా తిరిగిపోతా ఉంటే ఖాళీ అయిందని, నింపాల. అసలు తిరగకపోతే దారిలో పాత గ్రీజు గట్టిపడి ఉంటది, బలవంతం చేస్తే కప్పు మర పోతది, ఊడదీసి సన్న తీగతో దారి శుభ్రం చేసుకోవాల.

కారుడు ఎక్కువైంది కదా అని గ్రీజు గన్నుతో కొడతా కూర్చునే వాళ్ళు ఉన్నారు. ఒక పూట ఆగతది, నిజమే. మళ్ళీ మొదలవతది, ఈలోగా కొట్టిన గ్రీజంతా బోటు అడుగున చేరి నీళ్ళు తోడే పంపు ఫ్లోట్‌కి అంటుకుని అది లేవకుండా చేస్తది, అంటే కారుడు మూసేదానికి చూసి పంపుని చంపుకున్నట్టు. గ్రీజు ఎక్కువ అడుగుతా ఉందంటే ప్యాకింగ్ అయిపోయిందని చెప్తా ఉన్నట్టే.

ఏ గ్రీజు అంటే, ఉప్పునీళ్ళకి కరిగి కొట్టుకుపోనిది. షాపులో వాటర్‌ప్రూఫ్ మెరైన్ గ్రీజు అని అడగండి, కాల్షియం రకమైతే నీళ్ళకి బాగా నిలబడతది. సోడియం గ్రీజు అనే పాత రకం పొరపాటున కూడా వద్దు, నీళ్ళు తగిలితే అది కరిగిపోయే రకం. ఇంజన్ నుంచి దించిన కాలిన ఆయిల్ కలిపి పల్చన చేసి వాడొద్దు, దాంట్లో ఇనప పొడి, మసి అన్నీ ఉంటాయి, అవి షాఫ్టు మీద సాన పట్టినట్టే పనిచేస్తాయి. ఒక రకం వాడతా ఉంటే దాన్నే వాడండి, రెండు రకాల గ్రీజులు కలిస్తే కొన్నిసార్లు నీళ్ళగా విడిపోతాయి. ఇంకోటి, ఫ్యాన్ దగ్గరుండే రబ్బరు బేరింగుకి లూబ్రికేషన్ సముద్రపు నీళ్ళే, దానికి గ్రీజు పెట్టే పని లేదు.

బిగించడం

దార కడతా ఉంది, సరే బిగిద్దాం అనుకున్నారు. పెద్ద నట్టు రకమైతే ముందు లాక్ నట్టు వదులు చెయ్యండి, రెండు స్పానర్లు కావాల, ఒకటి పట్టుకునేదానికి ఒకటి తిప్పేదానికి. పైపు రెంచి వెయ్యొద్దు, ఇత్తడి మూలలు తినేస్తది, రెండు మూడు సార్లకి ఏ స్పానరూ పట్టదు. నట్టుకి 6 మొహాలు ఉంటాయి గదా, ఒక మొహం అంత, అంటే చుట్టులో ఆరో వంతు తిప్పి ఆపండి. మళ్ళీ ఇంజన్ వేసి గేర్లో ఒక పావుగంట నడిపి, చుక్కలు చూసి, చెయ్యి పెట్టి వేడి చూసి, అప్పుడు ఇంకా కావాలంటే ఇంకో మొహం. తొందరపడేవాడికి ఈ పని రాదు. అయిపోయినాక లాక్ నట్టు బిగించడం మర్చిపోవద్దు, అదిరి అదిరి నట్టు దానంతట అదే వెనక్కి వచ్చేస్తది.

రెండు బోల్టుల రకమైతే ఇంకా జాగ్రత్త. ఇటు కొంచెం, అటు అంతే. ఒక పక్కే బిగిస్తే బుష్ వంకరగా పోయి షాఫ్టుకి రాసుకుంటది, అప్పుడు అరిగేది తాడు కాదు ఇత్తడి, ఇత్తడితో పాటు షాఫ్ట్. బుష్‌కీ షాఫ్టుకీ మధ్య సందు చుట్టూ ఒకేలాగా ఉందో లేదో టార్చి వేసి చూడండి.

బుష్ చివరిదాకా పోయి ఇంక బిగించేదానికి మరే లేకపోతే తాడు అయిపోయింది, మార్చాల.

ప్యాకింగ్ మార్చడం

ఒడ్డు మీదే చెయ్యండి. నీళ్ళలో ఉండగా కూడా మార్చేవాళ్ళు ఉన్నారు, బయట ట్యూబు నోట్లో గుడ్డ కుక్కి, లోపల చివరి రింగు అట్టాగే వదిలేసి. చేసే చెయ్యి తిరిగిన చెయ్యి అయితే సరే, కొత్తవాళ్ళైతే వద్దు, ఆఖరి రింగు వచ్చేసిందంటే నీళ్ళు ఎగదన్నుకొస్తాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తూర్పు తీరమంతా వేట నిషేధం, బోట్లు ఎట్టాగూ ఒడ్డుకెక్కిస్తారు, రంగులేస్తారు, వలలు బాగుచేసుకుంటారు, ఈ పనికి అంతకన్నా మంచి టైము లేదు.

ముందు తాడు సైజు తేల్చుకోండి, పాత తాడు ముక్క తీసుకుని షాపుకి పోతే తప్పు సైజు వస్తది ఎందుకంటే అది నలిగి సన్నబడి ఉంటది. డబ్బా లోపలి వ్యాసం కొలవండి, షాఫ్ట్ వ్యాసం కొలవండి, తీసివేసి సగం చెయ్యండి. డబ్బా 70 ఎమ్మెమ్, షాఫ్ట్ 50 ఎమ్మెమ్ అయితే తేడా 20, సగం 10, కాబట్టి 10 ఎమ్మెమ్ చదరపు తాడు. లావుపాటిది తెచ్చి సుత్తితో కొట్టి పల్చన చేసి దూర్చడం ఒక అలవాటు మనోళ్ళకి, దాంతో తాడు అల్లిక చెదిరిపోతది.

తాడు రకం దగ్గర పెద్ద మోసం జరగతా ఉంటది, మోసం అంటే ఎవరో కావాలని చేసేది కాదు, తెలియక. నెల్లూరు గానీ ఒంగోలు గానీ పోయి గ్లాండ్ తాడు ఇవ్వమంటే పొలం మోటార్లకి వాడే నల్ల గ్రాఫైట్ తాడు ఇస్తారు. మంచినీళ్ళ పంపుకి అది బ్రహ్మాండంగా పనిచేస్తది. ఉప్పునీళ్ళలో స్టెయిన్‌లెస్ షాఫ్టుకి అది శత్రువు, గ్రాఫైటూ లోహమూ ఉప్పునీళ్ళలో కలిస్తే చిన్న బ్యాటరీ తయారవతది, తినేసేది లోహాన్నే, కొన్నాళ్ళకి షాఫ్ట్ మీద సూదితో పొడిచినట్టు గుంటలు పడతాయి. అందుకని గ్రీజు పట్టించిన నార తాడు, లేదా టెఫ్లాన్ పట్టించిన తెల్ల తాడు అడగండి. టెఫ్లాన్‌ది ఖరీదు ఎక్కువ కానీ కారుడు తక్కువ, వేడి తక్కువ, చాలాకాలం వస్తది. ఇక్కడ దొరక్కపోతే చెన్నై నుంచి తెప్పించుకోండి, నాలుగు రోజులు ఆలస్యమైనా నష్టం లేదు.

ఇక పని. నట్టు గానీ బోల్టులు గానీ విప్పి బుష్‌ని వెనక్కి లాగండి. పట్టేసి ఉంటే కిరసనాయిలో, తుప్పు వదిలించే స్ప్రేనో వేసి రాత్రంతా వదిలెయ్యండి, సమ్మెట తీసుకుని మోదొద్దు. పాత తాడు తీసేదానికి చివర మరలాంటి మెలిక ఉండే పుల్లర్ ఒకటి దొరకతది, తాడులోకి తిప్పి లాగితే రింగు వచ్చేస్తది. స్క్రూడ్రైవర్‌తో పొడిచి పీకద్దు, షాఫ్ట్ మీద గీత పడిందంటే ఆ గీత కొత్త తాడుని రోజూ కోస్తా ఉంటది. ఎన్ని రింగులు వచ్చాయో, ఇత్తడి రింగు ఎన్నోదో సెల్‌ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి. డబ్బా అడుగున పాత ముక్క ఒక్కటి కూడా మిగలకూడదు, అద్దం పెట్టి చూడండి.

షాఫ్టుని వేలితో తడమండి. గోరు తగలనంత చిన్న గీతలైతే సన్న ఎమరీ పేపరుతో చుట్టూ తుడిచి నునుపు చెయ్యొచ్చు. గోరు ఆగేంత గాడి ఉంటే లేత్ షాపుకి పోవాల్సిందే, కొత్త తాడు వేసినా నెల తిరక్కముందే మళ్ళీ కారతది.

రింగులు కోసేటప్పుడు తాడుని షాఫ్ట్ మీదే చుట్టి, లేదా అదే లావు పైపు ముక్క మీద చుట్టి, 45 డిగ్రీలు వాలుగా పదునైన కత్తితో కొయ్యండి. కొసలు రెండూ సరిగ్గా కలవాల, ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు, సందు ఉండకూడదు. ఒక రింగు కోసి డబ్బాలో పెట్టి చూసుకుని అప్పుడు మిగతావి కొయ్యండి. ఒకే పొడుగు తాడుని స్ప్రింగులాగా చుట్టుకుంటా పోవడం కొందరు చేస్తారు, కొయ్యడం బద్ధకమై. అట్టా చేస్తే నీళ్ళకి మెట్లు కట్టి ఇచ్చినట్టే, ఆ చుట్టు వెంబడే తిరుక్కుంటా లోపలికొస్తాయి. ప్రతి రింగూ విడిగా ఉండాల.

ప్రతి రింగుకి చుట్టూ గ్రీజు పూసి, ఒక్కోటి లోపలికి తోసి, చెక్క ముక్కతోనో చీల్చిన పైపు ముక్కతోనో సమంగా కూర్చోబెట్టండి. మొదటి రింగు అతుకు పైన ఉంటే రెండోదాని అతుకు మూడో వంతు చుట్టు జరిపి, మూడోది ఇంకో మూడో వంతు. 4 రింగులైతే పావు చుట్టు చొప్పున. ఇత్తడి రింగు దాని చోట, గ్రీజు బొక్క కిందకి. ఆఖరున బుష్ పెట్టి నట్టు చేత్తో మాత్రమే బిగించండి. స్పానర్ పక్కన పెట్టెయ్యండి.

ఒడ్డు మీద ఉండగా ఎట్టా ఉందో చూద్దామని ఇంజన్ గేర్లో వెయ్యొద్దు. నీళ్ళు లేకుండా నిమిషం తిరిగితే తాడూ మాడతది, రబ్బరు బేరింగూ మాడతది.

నీళ్ళలోకి దించినాక

దించగానే కారతది, కంగారొద్దు, కొత్త తాడు తడిసి ఉబ్బేదానికి టైము పడతది, కొన్ని గంటలు వదిలెయ్యండి. ఈలోగా నీళ్ళు తోడే పంపు పనిచేస్తా ఉందో లేదో చూసుకోండి. తర్వాత బోటుని గట్టుకి గట్టిగా కట్టి, తక్కువ స్పీడులో గేర్లో వేసి ఒక అరగంట తిప్పండి, ప్రతి పది నిమిషాలకి న్యూట్రల్‌లో వేసి, షాఫ్ట్ ఆగినాక చెయ్యి పెట్టి చూడండి. కాలతా ఉంటే నట్టు వదులు చెయ్యండి, కారుడు ఎక్కువగా ఉంటే ఒక మొహం బిగించండి. మొదటి ట్రిప్పు దగ్గర్లోనే తిరిగి రావాల, తాడు సర్దుకునే దాకా రోజూ సర్దుబాటు ఉంటది, మొదటి రోజే సున్నా చుక్కలకి తేవాలని చూస్తే కొత్త తాడు ఆ రోజే కాలిపోతది.

తాడు మార్చినా కారతా ఉంటే

తప్పు తాడుది కాదు. కప్లింగు సరిగ్గా కూర్చోలేదేమో చూడండి. బోటు నీళ్ళలోకి దిగి ఒక రోజు గడిచినాక, కప్లింగు బోల్టులు వదులు చేసి రెండు ప్లేట్ల మధ్య సందు ఫీలర్ గేజితో, అంటే సన్న రేకులతో సందు కొలిచే పనిముట్టుతో, నాలుగు పక్కలా కొలవండి, 4 అంగుళాల ప్లేటుకి ఏ పక్కకీ ఆ పక్కకీ 0.1 ఎమ్మెమ్ కన్నా ఎక్కువ తేడా ఉండకూడదు. ఒడ్డు మీద కొలిచిన కొలత పనికిరాదు, నీళ్ళలోకి దిగితే బోటు ఒళ్ళు కొంచెం మారతది. ఇంజన్ మౌంటింగులు కుంగినా ఇదే జబ్బు. ఫ్యాన్ రెక్క వంగినా, ఫ్యాన్ దగ్గర రబ్బరు బేరింగు అరిగినా షాఫ్ట్ అదరతది, అదిరే షాఫ్ట్ చుట్టూ ఏ తాడూ నిలవదు. ఒడ్డు మీద ఉన్నప్పుడు ఫ్యాన్ దగ్గర షాఫ్టుని పైకీ కిందకీ ఎత్తి చూడండి, టకటకమని కొట్టుకుంటే బేరింగు మార్చాల. నైలాన్ వల దారం చుట్టుకుని బేరింగులోకి దూరి ఉందేమో కూడా చూడండి, అది బయటికి కనపడదు.

ఉప్పుటేర్లలోనూ పులికాట్ వైపూ తిరిగే బోట్లకి ఇంకో బాధ ఉంది, లోతు తక్కువ కాబట్టి ఫ్యాన్ అడుగు బురదని లేపతది, ఆ సన్న ఇసక ట్యూబులోకి పోయి తాడులో కూరుకుంటది. వాళ్ళకి తాడు త్వరగా పోతది, గ్రీజు కొంచెం ఎక్కువ పట్టినా తప్పు లేదు.

బోటు కట్టేసి ఉంచినప్పుడు

నిషేధం టైములో ఒడ్డుకెక్కించకుండా నీళ్ళలోనే కట్టేసిన బోట్లకి వారానికి ఒకసారైనా షాఫ్టుని చేత్తో నాలుగు చుట్లు తిప్పండి, గ్రీజు ఒక చుట్టు వెయ్యండి. స్టెయిన్‌లెస్ స్టీల్ మెరుపు నిలబడాలంటే దానికి ఆక్సిజన్ తగలాల, కదలకుండా నిలిచిన ఉప్పునీళ్ళు తాడు కింద ఇరుక్కుంటే అక్కడే గుంటలు పడటం మొదలవతది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుఫాన్ల టైములో బోటు రేవులో కట్టేసి ఊర్లో కూర్చుంటే ఇంకో ప్రమాదం, పైనుంచి వాన, కింద నుంచి గ్లాండ్, బ్యాటరీ దిగిపోయి పంపు ఆగిపోతే ఒడ్డునే బోటు మునిగి కూర్చుంటది. వాన తెరిపిచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు పోయి చూడాల.

సముద్రంలో ఉండగా ఒక్కసారిగా దార పెరిగితే ఇంజన్ స్పీడు తగ్గించి, ఆపి, నట్టు ఒకటి రెండు మొహాలు బిగించండి. బిగింపు అయిపోతే బుష్ వెనక్కి లాగి, ఉన్న రింగుల మీద ఇంకొక రింగు గ్రీజు పూసి పెట్టి మళ్ళీ నట్టు వెయ్యండి, పాతవి పీకొద్దు. అదే గ్లాండ్ కాలిపోతా ఉంటే నట్టు వదులు చేసి నీళ్ళు రానివ్వండి, అవే చల్లబరుస్తాయి, నిదానంగా రేవుకి రండి. దీనికోసం కోసి పెట్టుకున్న నాలుగు రింగులు, గ్రీజు డబ్బా, ఆ నట్టుకి సరిపోయే రెండు స్పానర్లు ఒక ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి ఇంజన్ గదిలోనే ఉంచండి, వలల కింద కాదు.